లిథియం సెల్స్ లాట్‌లో కొంటున్నారా? సగటు చూసి డబ్బులు కట్టకండి

18650 సెల్స్ (గొట్టంలా ఉండే రీచార్జబుల్ లిథియం సెల్స్) లాట్‌గా కొని సొంతంగా బ్యాటరీ ప్యాక్ కట్టుకునేవాళ్ళు కాస్త చూసుకోండి. "సగటు కెపాసిటీ 2500 ఎంఏహెచ్, టెస్ట్ చేసే ఇస్తున్నాం" అంటే ఆ మాటకి పడిపోవద్దు (ఎంఏహెచ్ అంటే సెల్ ఎంత చార్జ్ పట్టుకుంటుందో చెప్పే కొలత). నాకు అమ్మినాయన అదే చెప్పాడు, పైగా అందులో అబద్ధం లేదు, ఒళ్ళు మండేది అక్కడే. ఒక్కో సెల్‌నీ 4.2 వోల్టుల దాకా చార్జ్ చేసి, ఎనలైజర్ (కెపాసిటీ కొలిచే పరికరం) మీద పెట్టి ఖాళీ చేసి చూస్తే ఒకటి 2780, ఇంకోటి 2640, దాని పక్కది 2130, అన్నీ కూడి భాగిస్తే మాత్రం నిక్షేపంగా 2500 దగ్గరకే వస్తోంది! రేపర్లు చూస్తే అన్నీ ఒకే రంగు, కొత్తవాటిలా మెరుస్తున్నాయి, ఒకదాని అంచు కాస్త లేస్తే కింద ఇంకో రంగు రేపర్ కనబడింది, అంటే పాత సెల్స్‌కే పైన కొత్త రేపర్ తొడిగారన్నమాట.

సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి పెడితే అన్నిట్లోంచీ ఒకే కరెంట్ పోతుంది కదా, 2130ది ముందే ఖాళీ అవుతుంది, బీఎంఎస్ (ప్యాక్‌లో సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) మొత్తం ప్యాక్‌ని అక్కడే కట్ చేసేస్తుంది, 2780 దాంట్లో మిగిలిన చార్జ్ ఎందుకూ పనికిరాదు. బీఎంఎస్ లేకపోతే ఇంకా ప్రమాదం, ఆ బలహీనమైన సెల్ అడుగంటా డిశ్చార్జ్ అయి చెడిపోతుంది.

నిలదీస్తే "బరువు చూడండి సార్, అన్నీ ఒకటే, తేడా ఒక్క గ్రాము" అంటాడు. గ్రాముల్నీ ఎంఏహెచ్‌నీ అలా పక్కపక్కన పెట్టి ఎలా పోలుస్తాం, దేని స్టాండర్డ్ డీవియేషన్‌ని (సగటు నుంచి విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే లెక్క) దాని సగటుతో భాగించి శాతంలో చూడాలి. బరువు సగటు 45 గ్రాములు, డీవియేషన్ 1 అంటే 2 శాతం చిల్లర, కెపాసిటీలో 2500కి 220 అంటే దాదాపు 9 శాతం. అయినా వాడి వాడి కెపాసిటీ పోయిన సెల్ బరువు తగ్గదుగా! (కలపకి, కాంక్రీట్‌కి కూడా ఇంజనీర్లు సగటు బలం నమ్మి డిజైన్ చెయ్యరు, నూరు నమూనాల్లో ఐదుకి మించి దానికంటే తక్కువ బలం రాకూడదు అనే విలువ తీసుకుంటారు.)

కాబట్టి కొనేముందు ప్రతి సెల్ రీడింగూ విడివిడిగా అడగండి, ఇంటర్నల్ రెసిస్టెన్స్‌తో (సెల్ లోపల కరెంట్‌కి ఉండే అడ్డు) సహా, బ్యాచ్ కోడ్ కనబడేలా ఫోటోలు కూడా. అందులో అన్నిటికంటే తక్కువ కెపాసిటీ ఎంతో అది చూడండి. ఇవ్వనంటే ఆ లాట్ జోలికే పోకండి. నా డబ్బులు వెనక్కి ఇమ్మంటే "సగటు కరెక్టుగానే ఉంది కదా సార్" అని ఇప్పటికీ అదే పాట.