మాస్టర్స్, ఓపెన్: రెండు చరిత్రలు

గోల్ఫ్‌లోని ఈ రెండు పెద్ద టోర్నీల్లో వయసులో ఓపెన్‌దే పెద్దరికం. 1860లో స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో ఎనిమిది మందితో మొదలైంది. 12 హోల్స్ (బంతి పడేయాల్సిన గుంటలు) ఉన్న కోర్సును ఒకే రోజు మూడుసార్లు చుట్టి విల్లీ పార్క్ సీనియర్ గెలిచాడు. మాస్టర్స్ మొదలైంది 1934లో. తొలి విజేత హోర్టన్ స్మిత్.

మాస్టర్స్ విజేతకు 1949 నుంచి ఆకుపచ్చ కోటు తొడుగుతున్నారు. ఓపెన్ బహుమతి కథ ఇంకా తమాషా. మొదట్లో తోలు బెల్టు ఇచ్చేవారు. యంగ్ టామ్ మోరిస్ 1868, 69, 70లలో వరుసగా గెలిచి దాన్ని ఇంటికే పట్టుకుపోయాడు. ఇవ్వడానికి బెల్టు లేక 1871లో అసలు పోటీయే జరగలేదు! ఇప్పుడు ఓపెన్ విజేతకు ఇచ్చే వెండి కూజా, క్లారెట్ జగ్, ఆ తర్వాత వచ్చిందే.

గెలుపుల రికార్డు రెండింట్లోనూ ఆరే: ఓపెన్‌లో హ్యారీ వార్డన్, మాస్టర్స్‌లో జాక్ నిక్లాస్. అయితే ఓపెన్ వేదిక ఏటా మారుతుంది, పైగా సముద్రపు గాలి. మాస్టర్స్ ఎప్పుడూ అమెరికాలోని అగస్టాలోనే కాబట్టి గ్రీన్ల (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వాలు తెలిసిన పాత కాపులకు మేలు. నిక్లాస్ 46 ఏళ్ల వయసులో, 1986లో గెలిచింది అక్కడే.

తెలిసిన కోర్సయినా 12వ హోల్ ఎవర్నీ వదలదు. 155 గజాలే, ముందు వాగు. 2016లో ఆధిక్యంలో ఉన్న జోర్డన్ స్పీత్ రెండు బంతులు నీళ్లపాలు చేసి, మూడు దెబ్బల్లో ముగించాల్సిన ఆ పార్ 3 హోల్‌కు 7 దెబ్బలు తీసుకున్నాడు. కోటు డానీ విలెట్‌కు దక్కింది.