జూ ఒక రోజు, కొండ ఇంకో రోజు

తిరుపతి జూకి ట్రిప్ అని నోటీసు పెడితే చాలు, చిత్తూరులో ప్రతి ఇంటి నుంచీ ఒకటే మాట వస్తుంది: "తిరుపతి దాకా పోయి స్వామిని చూడకుండా వచ్చేస్తారా మేడమ్?" మా హెడ్మాస్టరు గారు కూడా మొదట్లో అదే అనేవారు. పొద్దున్నే దర్శనం, మధ్యాహ్నం జూ, సాయంత్రం దారిలో కాణిపాకం, రాత్రికి ఇల్లు. కాగితం మీద చక్కగానే ఉంటుంది. చాలా స్కూళ్లు అలాగే వెళ్తున్నాయి కూడా. ఎనిమిదో తరగతి పిల్లల్ని వేసుకుని అలాంటి ట్రిప్పులకూ వెళ్లాను, జూ ఒక్కటే పెట్టుకున్న ట్రిప్పులకూ వెళ్లాను. ఈ రెండింటినీ ఒకే రోజులో కలపకండి అన్నది నా గట్టి అభిప్రాయం.

భక్తికీ దీనికీ సంబంధం లేదు. క్యూ మన చేతిలో ఉండదు. టికెట్ చేతిలో ఉన్నా బయటికొచ్చే టైము మనం చెప్పలేం. ఆ రద్దీలో తలలు లెక్కపెట్టుకునే టెన్షన్ టీచర్లకు మాత్రమే తెలుసు. తెల్లవారుజామున లేచి, కొండెక్కి దిగిన పిల్లలు మధ్యాహ్నం రెండింటికి జూ గేటు దగ్గర దిగితే నీడ కోసం వెతుకుతారు తప్ప జంతువుల కోసం కాదు. ఆ టైముకి జంతువులదీ అదే పరిస్థితి. సింహం రోజులో దాదాపు 20 గంటలు పడుకునే గడుపుతుంది. ఎండపొద్దున వెళ్తే ఒక తోక, రెండు చెవులు కనిపిస్తాయి. గేటు తెరిచే వేళకు అక్కడుంటే అదే సింహం నడుస్తూ కనిపించే అవకాశం ఎక్కువ.

అందుకని మొదట తేదీ చూసుకోవాలి. మంగళవారం జూకి సెలవు. తిరుపతికి సరిగ్గా మంగళవారమే బయల్దేరి గేటు చూసి తిరిగొచ్చిన బళ్ల కథలు మా వైపు కొన్ని ఉన్నాయి. శని, ఆదివారాల్లో యాత్రికులంతా అటే వస్తారు కాబట్టి బుధ, గురువారాలు నయం. నెలల సంగతికొస్తే, మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే. నవంబరులో ఏ వాయుగుండం వస్తుందో తెలియదు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద పారడం అందరం చూశాం. మార్చి వచ్చిందంటే ఎండ, పైగా పరీక్షలు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో ఊరంతా కిటకిట. ఇవన్నీ కొట్టేస్తే సంక్రాంతి సెలవుల తర్వాత ఫిబ్రవరి చివరి దాకా మిగులుతుంది. మేం ఇప్పుడు ఆ రోజులకే వెళ్తున్నాం.

బస్సు దగ్గర డబ్బు మిగుల్చుకుందామని చూస్తే అసలుకే మోసం వస్తుంది. ఓ ఏడాది ఒక ప్రైవేటు ట్రావెల్స్ వాళ్లు చూపించిన బస్సు ఒకటి, తెల్లారి పంపింది ఇంకొకటి. కిటికీలు తెరుచుకోవు, ఏసీ పనిచేయదు. పాకాల దాటేలోపే సగం మంది వాంతులు. ఆర్టీసీ బస్సు అద్దెకు తీసుకుంటే ముందే డిపోకి వెళ్లి డబ్బు కట్టాలి, కాగితాలు రాయాలి, కాస్త తిరగాలి. కానీ చెప్పిన టైముకి వస్తుంది, డ్రైవరు రాత్రంతా ఇంకో ట్రిప్పు నడిపి వచ్చాడేమో అన్న భయం ఉండదు. చిత్తూరు నుంచి 70 కిలోమీటర్ల చిల్లర, రెండు గంటల లోపు దారి. ఆరింటికి బయల్దేరితే దారిలో టిఫినుకి ఆగినా గేటు తెరిచే వేళకు అందుకోవచ్చు. రాయితీ టికెట్ల కోసం స్కూల్ లెటర్‌హెడ్ మీద పిల్లల సంఖ్య, టీచర్ల పేర్లు రాసి వారం ముందే జూ ఆఫీసుకి ఇవ్వడం మంచిది. కౌంటరు దగ్గర నిలబడి బతిమాలే పని తప్పుతుంది.

ఇక జూ. శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987 సెప్టెంబరు 29న మొదలైంది. శేషాచలం కొండల అడుగున 5,532 ఎకరాలు. దేశంలోని పెద్ద జూలలో ఇదొకటి. అందులో మనం తిరిగేది కొంత భాగమే అయినా, ఒక ఎన్‌క్లోజర్ నుంచి ఇంకో ఎన్‌క్లోజర్‌కి నడక చాలా ఉంటుంది. చిన్న జూలు చూసి వచ్చినవాళ్లు "ఏముంది, అంతా చెట్లే" అంటారు. నాకు నచ్చేది ఆ చెట్లే. జంతువుకి వెనక్కి వెళ్లి దాక్కునే చోటు ఉంది. అది కనపడకపోతే కాసేపు నిలబడి వెతకాలి. పిల్లలకు అది నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు దగ్గర్లో లేదు.

బ్యాటరీ బండ్లు ఉన్నాయి. చిన్న తరగతుల పిల్లలకీ, నడవలేని పిల్లలకీ తప్పకుండా తీసుకోండి. పెద్ద పిల్లల్ని బండెక్కిస్తే మాత్రం జూ అంతా అరగంటలో అయిపోతుంది, ఏమీ గుర్తుండదు. మేం నడుస్తాం, అన్నీ చూడం. ఐదారు చోట్ల మాత్రం ఆగుతాం, ఆగిన చోట పావుగంట ఉంటాం.

మొదటిది దుప్పులు, జింకల దగ్గర. చుక్కల దుప్పి కొమ్ములకు కొమ్మలుంటాయి. ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ము మెలి తిరిగి ఉంటుంది, చీలదు, ఊడదు. ఇది పాఠంలో చెబితే ఎవరికీ ఎక్కదు. ఇక్కడ రెండింటినీ చూశాక బొమ్మ గీయమంటే తేడా వాళ్ల చేతే వస్తుంది. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక అని చెబితే సగం మందికి అది కొత్త సంగతి.

ఈ జూని మన ఇతిహాసాల్లో, పురాణాల్లో కనిపించే జంతువుల ఆలోచన మీద కట్టారు. అందుకే సైన్సు టీచర్లతో పాటు తెలుగు మాస్టారిని కూడా తీసుకెళ్లమంటాను. మా మాస్టారు గారు నెమలి దగ్గర కుమారస్వామిని, ఏనుగు దగ్గర గజేంద్రుణ్ణి ఎత్తుకున్నారంటే, నా వర్క్‌షీట్లు ఎవరూ పట్టించుకోరు. కాస్త కుళ్లుకుంటాను, నిజమే. కానీ ఆ రోజు విన్నది వాళ్లకు పరీక్ష దాకా గుర్తుంటుంది.

లయన్ సఫారీ బస్సుకి విడిగా టికెట్. పిల్లలు మొత్తం ట్రిప్పులో దీని కోసమే ఎదురుచూస్తారు కాబట్టి తప్పించుకోలేం. సఫారీని చివరికి పెట్టుకోకండి, ముందే చేసేయండి. లేకపోతే పొద్దుటి నుంచీ "సఫారీ ఎప్పుడు సార్" అన్న పాట వినాలి. బస్సులో అందరికీ కిటికీ దొరకదు. సగం దారిలో సీట్లు మార్చుకోవాలని ఎక్కకముందే చెప్పాలి. ఆసియా సింహానికి పొట్ట కింద పొడవునా చర్మం మడత వేలాడుతుంది. మెడ చుట్టూ ఉండే జూలు పలచగా ఉండటంతో చెవులు బయటికి కనిపిస్తాయి. అడవిలో ఈ జాతి మిగిలింది గుజరాత్‌లోని గిర్‌, దాని చుట్టుపక్కలే. 2025 లెక్కల్లో 891 ఉన్నాయి. ఈ రెండు గుర్తులూ చెప్పి పంపితే, బస్సులో కేకలు తగ్గి కళ్లు పనిచేస్తాయి.

సింహాల గురించే ఇంకో సంగతి. 1998లో కేంద్రం సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో సర్కస్ ఆటలు ఆడించడాన్ని నిషేధించింది. అలా బయటపడిన జంతువుల కోసం పెట్టిన పునరావాస కేంద్రాల్లో ఒకటి తిరుపతి జూలోనే వచ్చింది. వాటిలో చాలా సింహాలు ఆసియా, ఆఫ్రికా జాతులు కలిసి పుట్టినవి. అందువల్ల వాటికి పిల్లలు పుట్టనివ్వకుండా, బతికినన్నాళ్లు పోషించారు. ఆ కేంద్రాన్ని సందర్శకులకు చూపించరు. చూపించకపోయినా చెప్పాల్సిన విషయం ఇదే అనుకుంటాను. "వాటిని అడవిలో వదిలేయొచ్చు కదా మేడమ్" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పుట్టినప్పటి నుంచీ బోనులో ఉండి, వేట తెలియని జంతువు అడవిలో ఎలా బతుకుతుందో వాళ్లనే ఆలోచించమంటాను. తిరుగు బస్సులో కూడా ఆ వాదన ఆగదు.

జాగ్రత్తలు బస్సులోనే చెప్పేయాలి, గేటు దాటాక ఎవరూ వినరు. జంతువుల్ని రెచ్చగొట్టడం, తిండి పెట్టడమే కాదు, అరిచి గోల చేయడం కూడా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం తప్పే. 2024 ఫిబ్రవరిలో ఇదే జూలో ఒకాయన సింహం ఎన్‌క్లోజర్‌లోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. దాచకుండా చెబుతాను. పదిమంది పిల్లలకు ఒక టీచరు, ప్రతి గుంపుకీ వెనక నడిచే ఒక పెద్ద పిల్ల లేదా పిల్లాడు, పిల్లల చేతిలో ఫోన్లు లేకుండా. ఫోన్ల విషయంలో తల్లిదండ్రులు గొడవ పడతారు, పడనివ్వండి.

భోజనం మేం కట్టుకెళ్తాం. చిత్రాన్నం, పెరుగన్నం, ఊరగాయ, అరటిపండు. బయట ఒక హోటల్లో ముందే చెప్పి పెట్టించుకున్న ఏడాది, మేం వెళ్లేసరికి మా అన్నం ఇంకో బస్సు వాళ్లు తినేశారు. మళ్లీ వండేదాకా గంటన్నర కూర్చున్నాం. కట్టుకెళ్లిన అన్నానికి ఒకే శత్రువు, కోతులు. సంచి తెరిచిన చప్పుడుకే వచ్చేస్తాయి. అందుకే జూ చూసి బయటికొచ్చాక తినడం మేలు.

మధ్యాహ్నానికి అలిపిరి దగ్గరున్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం సరిగ్గా సరిపోతుంది. 1993 నుంచీ ఉంది. పైకప్పు ఉన్న గ్యాలరీలు, చేత్తో తిప్పి చూసే పరికరాలు, బయట సైన్స్ పార్కు. కొన్ని మీటలు నొక్కితే పలకవు, కానీ ఎండ వేళ అలిసిన పిల్లలకు అదేమీ అడ్డు కాదు. చంద్రగిరి కోట కూడా దారిలోనే ఉంది గానీ, జూతో కలిపితే అదీ పరుగే అవుతుంది.

అలిపిరి దాకా వచ్చాక కొండ కనపడుతుంది కదా, అక్కడే చిరుతల సంగతి ఎత్తాలి. 2023 ఆగస్టులో నడకదారిలో ఒక చిన్నారిని చిరుత చంపింది. తర్వాత బోన్లు పెట్టి కొన్ని చిరుతల్ని పట్టి ఈ జూకే తెచ్చారు. 15 ఏళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు తర్వాత నడకదారిలోకి పంపేది లేదన్నారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు, దారిలో జంతువులకు తిండి పెట్టొద్దన్నారు. ఈ కొండలు 1989 నుంచి జాతీయ పార్కు. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు (జీవావరణ రక్షిత ప్రాంతం) అయ్యింది, రాష్ట్రంలో మొదటిది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల్లోనూ, చుట్టుపక్కల కొన్ని జిల్లాల్లోనూ. మనం గుడి దారి అనుకునేది చిరుతకి ఇంటి దారి అని పిల్లలు వెంటనే పట్టుకుంటారు. పెద్దవాళ్లకే టైము పడుతుంది.

రాత్రి బస గురించి చాలామంది అడుగుతారు. శ్రీనివాసం, విష్ణునివాసం లాంటి దేవస్థానం సత్రాలు కుటుంబాలకు బాగుంటాయి, దర్శనానికి వచ్చే యాత్రికుల కోసం కట్టినవి. స్కూల్ గుంపుకి ఒకేచోట అన్ని గదులూ దొరుకుతాయని ఆశ పెట్టుకోకూడదు. లాడ్జిల్లో అయితే పిల్లలు నాలుగు అంతస్తుల్లో చెదిరిపోతారు, టీచర్లు రాత్రంతా మెట్లెక్కి దిగాలి. కల్యాణ మండపం హాలు చవక, అందరూ ఒకేచోట ఉంటారు. బాత్రూములు ఎన్నో, నీళ్లు ఎప్పుడొస్తాయో, ఆడపిల్లలకు తలుపు గడియపడే గది ఉందో లేదో ముందుగా వెళ్లి కళ్లతో చూసుకోవాలి, ఫోన్లో చెప్పిన మాట నమ్మకూడదు. చిత్తూరు, పీలేరు, పుత్తూరు నుంచి వెళ్లేవాళ్లకు అసలు బసే అనవసరం. కుప్పం నుంచి వచ్చేవాళ్లకు తప్పదేమో.

జూ చూసేసినవాళ్లకు ఇంకేముంది అంటే, తలకోన అందరి నోటా వస్తుంది. 270 అడుగుల జలపాతం, చెట్ల మధ్య తాళ్ల వంతెన, లావాటి గిల్లతీగలు. అడవి అంటే అదీ. కానీ నీళ్లున్న రోజున పిల్లల్ని ఆపలేం, నీళ్లు లేని రోజున చూసేదేమీ లేదంటారు. కాలేజీ పిల్లలకు సరే, నేనైతే ఎనిమిదో తరగతిని తీసుకెళ్లను. కౌండిన్య అభయారణ్యం ఏనుగులది. పలమనేరు వైపు పిల్లలకు ఏనుగు గురించి మనం చెప్పేదేమీ ఉండదు, వాళ్ల చేలే తొక్కి పోయింటాయి. కర్ణాటక 2025లో ఇచ్చిన కుంకీ ఏనుగుల్ని, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చిన వాటిని, అక్కడే ముసలిమడుగు క్యాంపులో ఉంచారు. అటవీ శాఖ అనుమతితో పిల్లలకు చూపించగలిగితే జూకన్నా అదే మంచి పాఠం.

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు మాత్రం నా మనసులో ఉంది. చలికాలంలో చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి, టవరెక్కి చూడొచ్చు. చిత్తూరు నుంచి దూరం ఎక్కువ, బైనాక్యులర్లు కావాలి, టికెట్టు కన్నా డీజిల్ ఖర్చే భారం. హెడ్మాస్టరు గారు ఇంకా ఒప్పుకోలేదు. ఆ దారిలో శ్రీకాళహస్తి ఉంది, అది కూడా కలుపుదామంటున్నారు.