'ఓల్డ్ క్లాక్' నవల కొంటున్నారా? ముందు చివరి పేజీ ఫొటో అడగండి

నాన్సీ డ్రూ అనే అమ్మాయి డిటెక్టివ్ కథల పాత పుస్తకాలు ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నవాళ్ళు, అందులోనూ పిల్లలకి కానుకగా ఇద్దామనుకుంటున్నవాళ్ళు, ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను 640 రూపాయలు పోసి ముగింపు లేని డిటెక్టివ్ నవల కొన్నాను.

మా చెల్లెలి కూతురు తొమ్మిదో తరగతి. ఈ మధ్యే ఇంగ్లీషు నవలల రుచి మరిగింది. దాని పుట్టినరోజుకి 'ది సీక్రెట్ ఆఫ్ ది ఓల్డ్ క్లాక్' ఇద్దామనుకున్నా. దాని వయసులో నేను స్కూలు లైబ్రరీలో తెచ్చుకుని చదివిన పుస్తకం అది. అమెరికాలో రివర్ హైట్స్ అనే ఊరు, లాయరు తండ్రి, తల్లి లేని పిల్ల నాన్సీ, చనిపోయిన ఓ పెద్దాయన ఎక్కడో దాచిపెట్టిన వీలునామా. మామూలు కొత్త కాపీ తెప్పించుకుంటే ఏ గొడవా లేకపోను. 1930 నాటి అసలు వెర్షనే చదివించాలని నాకు పుట్టిన అత్యాశ వల్లే ఇదంతా.

ఓ అమ్మకందారు పేజీలో నీలం గుడ్డ అట్ట ఫొటో కనిపించింది. కింద 'వింటేజ్, 1930 ఒరిజినల్ టెక్స్ట్, గుడ్ కండిషన్' అని ఉంది. కొనేశాను. మూడు వారాల ముందే వచ్చింది. పిల్ల కంటపడకూడదని ప్యాకింగ్ కూడా పూర్తిగా విప్పకుండా, ఓ మూల చింపి చూసి, బీరువాలో చీరల కింద పెట్టాను. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. రిటర్న్ గడువు ఏడు రోజులు.

పుట్టినరోజు అయిన మర్నాడు రాత్రి పదకొండింటికి ఫోను. "పెద్దమ్మా, ఇంతకీ వీలునామా దొరికిందా లేదా? పుస్తకం అయిపోయింది గానీ కథ అవలేదు."

ముందు నవ్వొచ్చింది. వెళ్ళి చూశాక నవ్వు పోయింది. 160వ పేజీలో ఒక వాక్యం సగంలో ఆగింది, తర్వాత అట్ట. చింపిన గుర్తు ఎక్కడా లేదు. మా నాన్నగారు విజయవాడలో ప్రెస్సులో పనిచేసేవారు. పుస్తకం చేతిలోకి తీసుకుని ఒక్క చూపులో తేల్చేశారు: "పదహారు పదులు నూట అరవై. పదహారేసి పేజీల ఫారాలు పది కట్టి, పదకొండోది వేయడం మర్చిపోయారు. ఇది పాత పుస్తకం కాదమ్మా, దొంగ ప్రింటు." నిజమే. నీలం గుడ్డ అట్టా లేదు, ఏమీ లేదు. పల్చటి అట్ట మీద గమ్ బైండింగు, లోపల ఫొటోకాపీ తీసి అచ్చేసినట్టు మసక అక్షరాలు. ఫుట్‌పాత్ మీద వందకి ఇచ్చినా బేరమాడే సరుకు.

మా అమ్మ రోజుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకునేవారు. చివరి పేజీలు ఎవరో చింపేసిన కాపీ వస్తే అమ్మ వెళ్ళి షాపాయనతో పోట్లాడేదట. ఆయన అద్దె వెనక్కి ఇవ్వకపోయినా, హంతకుడెవరో నోటితో చెప్పి పంపేవాడట. నాకు ఆ మర్యాద కూడా దక్కలేదు.

ముగింపు పోవడం ఒక మోసమైతే, రెండోది అసలు వెర్షన్ విషయంలో జరిగింది. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఈ పేరుతో రెండు వేర్వేరు పుస్తకాలున్నాయి. మొదటిది 1930 ఏప్రిల్‌లో వచ్చింది. అట్ట మీద ఉండే కెరొలిన్ కీన్ అనే రచయిత్రి ఎవరూ లేరు. ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్ నడిపిన సిండికేట్ (వేరేవాళ్ళ చేత పిల్లల నవలలు రాయించే సంస్థ) కథ తాలూకు నమూనా ఇచ్చి, రాసినవాళ్ళకి ఇంతని డబ్బు కట్టి, అందరికీ కలిపి పెట్టుకున్న పేరు అది. ఈ మొదటి పుస్తకం రాసింది మిల్‌డ్రెడ్ వర్ట్ బెన్సన్. పుస్తకానికి ఆమెకి ముట్టింది 125 డాలర్లు. తర్వాత 1959లో స్ట్రాటెమేయర్ కూతురు హారియెట్ ఆడమ్స్ హయాంలో పాత పుస్తకాలు ఒక్కొక్కటే తిరగరాయడం మొదలైంది. 25 అధ్యాయాలు 20 అయ్యాయి. పదహారేళ్ళ నాన్సీ పద్దెనిమిదేళ్ళదయింది. పాత పుస్తకంలో ఎదురు చెప్పే, నోరున్న పిల్ల. కొత్తదాంట్లో అందరికీ నచ్చే మంచి పిల్ల. నాకు పాత నాన్సీ అంటేనే ఇష్టం.

అయితే ఒక మాట చెప్పాలి. పాత వెర్షన్‌లో ఒక నల్లజాతి కాపలాదారుని చూపించిన తీరు, అతని చేత మాట్లాడించిన భాష ఇవాళ చదివితే ఒళ్ళు మండుతుంది. తిరగరాయడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి. పిల్లలకి ఇచ్చేవాళ్ళు పక్కన కూర్చుని ఆ భాగం గురించి మాట్లాడాల్సి ఉంటుంది.

నాకొచ్చింది ఏ వెర్షన్ అంటారా? 1959 నాటిది. కాపీరైట్ పేజీలో 1959తో పాటు 1930 కూడా అచ్చయి ఉంటుంది. అమ్మకందారులు ఆ 1930ని పట్టుకుని 'ఒరిజినల్' అని రాసేస్తున్నారు. సంవత్సరం చూసి మోసపోకండి. మొదటి పేజీ ఫొటో అడగండి. నాన్సీ, తండ్రి కూర్చుని చనిపోయిన పెద్దాయన డబ్బంతా టాఫమ్‌ల కుటుంబానికే పోతుందే అని మాట్లాడుకుంటూ కథ మొదలైతే పాతది. నాన్సీ కొత్త కారు నడుపుకుంటూ వస్తుంటే మొదలైతే తిరగరాసినది. విషయసూచికలో అధ్యాయాలు లెక్కపెట్టినా చాలు. పసుపు రంగు వెన్నున్న గట్టి అట్ట కాపీ చూపించి 1930 టెక్స్ట్ అంటే నమ్మొద్దు. ఆ పసుపు అట్టలు 1962లో మొదలయ్యాయి, అప్పటికే ఈ పుస్తకం మారిపోయింది. పాత వెర్షనే కావాలంటే యాపిల్‌వుడ్ అనే ప్రచురణ సంస్థ 1991 నుంచి పాత పుస్తకాన్ని ఉన్నదున్నట్టు తిరిగి వేసిన ముద్రణలున్నాయి, అవి వెతకండి.

ఇంకోటి. ఈ సిరీస్‌లో 1930లో వచ్చిన నాలుగు పుస్తకాల పాత వెర్షన్లకి అమెరికాలో 2026 జనవరి 1తో కాపీరైట్ తీరిపోయింది. ఇకపై ఎవరు పడితే వాళ్ళు వేసిన కాపీలు ఇంకా ఎక్కువే కనిపిస్తాయి.

సరే, రిటర్న్ కథ. అమ్మకందారుకి మెసేజ్ పెడితే 'గడువు అయిపోయింది మేడమ్' అన్నారు. పేజీలు లేవని ఫొటోలు పెడితే 'పాత పుస్తకాలకి గ్యారంటీ ఉండదు' అన్నారు. పాతది కానే కాదుగా అంటే జవాబు లేదు, నంబరు బ్లాక్. యాప్ కస్టమర్ కేర్‌లో నలుగురితో నాలుగుసార్లు మొదటినుంచీ చెప్పుకున్నాను. ఆ రెండు రోజుల టెన్షన్ 640కి తగినది కాదు గానీ, పంతం పట్టింది.

చివరికి 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాను. అప్పుడే తెలిసింది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న సరుకునీ, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకునీ వెనక్కి తీసుకోం, డబ్బివ్వం అనడానికి అమ్మకందారుకి వీల్లేదు. ఫిర్యాదులో ఈ మాటే రాశాను. పేజీ తాలూకు స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉండబట్టి సరిపోయింది, లేకపోతే వాళ్ళు ఈలోపు వివరణ మార్చేశారు. కాబట్టి కొనేరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీ పేరు రాసిన చీటీ పుస్తకం మీద పెట్టి ఫొటో పంపమనండి, ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో అయితే అక్కడే దొరికిపోతారు. పార్సిల్ విప్పుతూ వీడియో తీయండి. కానుక అయినా సరే, బీరువాలో దాచే ముందు పేజీ నంబర్లు చివరిదాకా తిప్పి చూడండి.

పందొమ్మిది రోజులకి డబ్బు వెనక్కి వచ్చింది, కొరియర్ ఖర్చు పట్టుకుని. పిల్ల మాత్రం అన్నాళ్ళు ఆగలేదు, స్నేహితురాలి దగ్గర మామూలు కాపీ తెచ్చుకుని ఆ చివరి అధ్యాయాలు చదివేసుకుంది.

నిన్న మళ్ళీ వెతికితే అదే అమ్మకందారు, అదే నీలం అట్ట ఫొటో, 'ఒక్క కాపీ మాత్రమే' అని పెట్టి ఉంది. ఈసారి ధర 720.