మానిటరింగ్ బయటివాళ్లకి ఇచ్చినవాళ్లు ఒక్కసారి డిపెండెన్సీలు (ఏ చెక్ దేని మీద ఆధారపడిందో) తీసి చూసుకోండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు చిన్న కంపెనీలకు సర్వర్ మానిటరింగ్ (సర్వర్ సరిగ్గా నడుస్తోందా అని కనిపెట్టి, తేడా వస్తే అలర్ట్ పంపడం) చూసిపెడతామని తిరిగేవాళ్లు మీలో చాలామందికి తెలిసే ఉంటారు. నేను పెట్టుకున్నవాడి పేరు రాయను. మన తెలుగువాడే, మొదటి రోజు నుంచీ "అన్నా, అన్నా" అన్నాడు. నమ్మి ఆరు నెలల డబ్బు ముందే కట్టేశాను.

మాది కిరాణా షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. నిన్న పొద్దున ఏడున్నరకి మున్నేకొళాల షాపు ఆయన ఫోన్ చేశాడు. "తమ్ముడూ, బిల్లు పడట్లేదు. పాలకి జనం నిలబడి ఉన్నారు, కాగితం మీద రాసిస్తున్నా." నాకు మాత్రం ఒక్క అలర్ట్ రాలేదు. లాగిన్ అయి చూస్తే డిస్క్ పూర్తిగా నిండిపోయింది. రాయడానికి చోటు లేక, బిల్లులు దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ ఆగిపోయింది.

వాళ్లు పెట్టిన మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ నాగియోస్ తెరిచాను. డిస్క్ వరస పచ్చగా ఉంది, 81 శాతం, ఓకే. పక్కన 'లాస్ట్ చెక్' గడిలో టైమ్ రాత్రి 1:27. నేను చూస్తున్నది ఉదయం 7:50కి. ఆరు గంటలకు పైగా ఆ డిస్క్‌ని అసలు చూడనే లేదు. పాత పచ్చరంగే అలా నిలిచిపోయింది.

ఇది ఎలా జరిగిందంటే, పోయిన నెల రాత్రి బ్యాకప్ నడిచే టైమ్‌లో ఎన్‌ఆర్‌పీఈ ఏజెంట్ (మా సర్వర్‌లో ఉండి నాగియోస్ అడిగినదానికి జవాబిచ్చే చిన్న ప్రోగ్రామ్) లేటుగా పలికేది. 'సాకెట్ టైమౌట్ ఆఫ్టర్ 10 సెకండ్స్' అని, అంటే పది సెకన్లలో జవాబు రాలేదని, క్రిటికల్ అలర్ట్‌లు వరసగా వచ్చేవి, నిద్ర ఉండేది కాదు. తగ్గించమని నేనే అడిగాను. టైమౌట్ పెంచి, ప్రయత్నాలు 1 నుంచి 4కి పెంచి, నిమిషానికోసారి మళ్లీ చూడమంటే సరిపోయేది. నాలుగుసార్లూ తప్పితేనే హార్డ్ స్టేట్ (నిజంగానే తేడా అని ఖాయం), అప్పుడే అలర్ట్. నాగియోస్‌లో ఇది కొత్త విషయమేమీ కాదు.

వాళ్లు ప్రయత్నాలు 1గానే వదిలేశారు. ఏజెంట్ పలుకుతోందా అని చూసే చెక్‌కి మైనస్ యు (-u) ఆప్షన్ తగిలించి, టైమౌట్ అయితే క్రిటికల్ బదులు అన్‌నోన్ (స్థితి తెలియదు) వచ్చేలా చేశారు. ఆ చెక్ నోటిఫికేషన్లలోంచి అన్‌నోన్ తీసేశారు. మిగతా చెక్‌లన్నీ దాని మీద ఆధారపడేలా డిపెండెన్సీ కట్టి, ఎగ్జిక్యూషన్ ఫెయిల్యూర్ క్రైటీరియాలో 'యు' రాశారు, అంటే అది అన్‌నోన్ అయితే మిగతావి నడపొద్దని. ఏజెంట్ ఒక్కసారి పలక్కపోతే చాలు, మిగతావన్నీ ఆగిపోతాయి, ఎవరికీ తెలియదు. మొన్న రాత్రి బ్యాకప్ ఇరుక్కుపోయి ఏజెంట్ నేను చూసేదాకా పలకలేదు. వెబ్ పేజీని బయటి నుంచి చూసే చెక్‌కి ఏజెంట్‌తో ఏం సంబంధమండీ? దాన్ని కూడా కట్టేశారు!

ఆ మానిటరింగ్ అతనికి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. "బోర్డు గ్రీన్‌గానే ఉంది కదా సార్" అన్నాడు. ఎందుకు గ్రీన్‌గా ఉందో చెప్పాను. కాసేపు ఆగి, "అలర్ట్‌లు తగ్గించమన్నది మీరే కదా సార్, తగ్గించాం" అన్నాడు. ఇన్నాళ్లూ అన్నా అని పిలిచినవాడు నిన్న సార్ అన్నాడు. డబ్బు కన్నా ఆ పిలుపే ఎక్కువ మండింది. పైగా ఇప్పుడు మార్చాలంటే అది కాంట్రాక్ట్‌లో లేదట, వేరే చార్జ్ అట. నా షాపులవాళ్లకి ఏం చెప్పాలని అడిగితే "టికెట్ రేజ్ చేయండి" అని పెట్టేశాడు.

నా తప్పూ ఉంది. మూడు వారాలు అలర్ట్‌లు లేకపోతే హాయిగా పడుకున్నాను తప్ప ఎందుకు ఆగాయని అడగలేదు. కాన్ఫిగ్ ఫైల్ తెరిస్తే పది నిమిషాల పని. కాగితం బిల్లులన్నీ నిన్న రాత్రి నేనే కూర్చుని ఎక్కించాను, రెండు బిల్లుల లెక్క ఇంకా తేలలేదు. షాపు ఆయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

వాళ్ల దగ్గర ఉన్నవాళ్లు ముందు లాస్ట్ చెక్ టైమ్‌లు చూడండి. తరచూ తప్పే చెక్‌ని ముందు సరిచేయించండి, అప్పటిదాకా దాని మీద దేన్నీ ఆధారపడనివ్వకండి. ఏజెంట్‌ని కావాలని ఆపి, మీకు ఫోన్ మోగుతుందో లేదో చూసుకోండి. నేను నిన్న సాయంత్రం ఆపి చూశాను, మోగలేదు. ఈ వారమంతా కూర్చుని మొత్తం కాన్ఫిగ్ నేనే మళ్లీ రాస్తున్నాను.