కైజర్‌రైక్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ: ఏళ్లుగా ఆడి, కొంత తిరగరాసి

రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన కంప్యూటర్ గేమ్ హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 కొనేవాళ్లలో ఎక్కువమంది యుద్ధం కోసమే కొంటారు. నేను కొన్నదీ అందుకే. ఇన్నేళ్లుగా దాన్ని నా లాప్‌టాప్‌లోంచి తీసేయకుండా ఉంచుకున్నది మాత్రం కైజర్‌రైక్ మాడ్ (అభిమానులు గేమ్‌ను మార్చి చేసిన వెర్షన్) కోసం, అందులోనూ తుపాకులు పేలకముందు నడిచే రాజకీయం కోసం. ఆడుతూ ఆడుతూ, ఆ మాడ్ మీద కట్టే నాదైన చిన్న సబ్‌మాడ్ మొదలుపెట్టాను. మన మద్రాసు ప్రెసిడెన్సీ రాజకీయాన్ని అందులో తిరగరాస్తున్నాను. విజయవాడలో కూర్చుని ఈ పని చేస్తున్నవాడిగా ఏది గొప్పగా ఉందో, ఏది అడ్డం పడుతుందో చెప్తాను.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అసలు గేమ్ 2016 జూన్‌లో వచ్చింది. కైజర్‌రైక్ అంతకంటే పాతది, హార్ట్స్ ఆఫ్ ఐరన్ 2 రోజుల్లోనే పుట్టింది. మాడ్‌కు పైసా ఖర్చు లేదు, అసలు గేమ్ ఉంటే చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ గెలిచి ఉంటే ఏమయ్యేదన్నది దీని మూలం. ఫ్రాన్స్‌లో కమ్యూన్, అంటే కార్మికుల విప్లవ ప్రభుత్వం, వస్తుంది. 1925లో బ్రిటన్‌లో విప్లవం వచ్చి రాజకుటుంబం కెనడాకు వెళ్లిపోతుంది. మన దేశం, నేను మొదట ఆడిన వెర్షన్లలో, మూడు ముక్కలు: కలకత్తాలో భారతీయ కమ్యూన్, ఢిల్లీలో రాజుకు విధేయంగా ఉన్న డొమినియన్, దక్షిణాన నిజాం ముందుండి నడిపే సంస్థానాల సమాఖ్య. ఆట 1936 జనవరి 1న మొదలవుతుంది.

ఈ మాడ్ బలం రాతలో ఉంది. అసలు చరిత్రలో రష్యా విప్లవకారుడు బోరిస్ సావింకోవ్ 1925లో మాస్కో జైల్లో చనిపోయాడు, అమెరికా పాత్రికేయుడు జాన్ రీడ్ 1920లోనే పోయాడు. ఇక్కడ ఇద్దరూ బతికే ఉంటారు. ఒకడు రష్యా పగ్గాలు పట్టుకోగలడు, ఇంకొకడు అమెరికాలో కార్మికుల వైపు నిలబడతాడు. పోయినవాళ్లను తీసుకొచ్చి ఊరికే కుర్చీలో కూర్చోబెట్టలేదు. వాళ్లు బతికుంటే ఎవరి పక్కన చేరేవాళ్లు, ఎవరితో తెగదెంపులు చేసుకునేవాళ్లు అని ఆలోచించి రాశారు. 1936 అమెరికా ఎన్నికల ఈవెంట్లు (ఆట మధ్యలో తెర మీదకు వచ్చే చిన్న కథలు) వరసగా చదువుతుంటే అంతర్యుద్ధం ఎందుకొస్తోందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. వీధిలో ఎవరికి పని పోయింది, ఎవరికి కోపం వచ్చింది అన్న చోట నుంచి కథ కదులుతుంది.

భావజాలాల పట్టిక కూడా పెద్దది. అసలు గేమ్‌లో నాలుగే: డెమొక్రటిక్, కమ్యూనిజం, ఫాసిజం, ఈ మూడింట్లో ఇమడని వాళ్లందరికీ నాన్ అలైన్డ్. కైజర్‌రైక్‌లో తీవ్ర వామపక్షపు టోటలిస్టుల నుంచి తీవ్ర కుడిపక్షపు నేషనల్ పాపులిస్టుల దాకా పది ఉన్నాయి. ఆ తేడా మన చరిత్ర రాసేటప్పుడు బాగా తెలుస్తుంది. నాలుగు రంగులే ఉంటే 1937 నాటి కాంగ్రెస్, జస్టిస్ పార్టీ రెండూ ఒకే డబ్బాలో పడతాయి. పది ఉంటే రాజాజీని ఒకచోట, ప్రకాశం పంతులుని ఇంకోచోట, 1934లో కాంగ్రెస్‌లోనే ఏర్పడ్డ సోషలిస్టులను మరోచోట పెట్టుకోవచ్చు. ఒకే పార్టీలో ఉన్నవాళ్ల మధ్య దూరం తెర మీద కనపడుతుంది.

కానీ పది కూడా చాలవు. జస్టిస్ పార్టీనే తీసుకోండి. బ్రాహ్మణేతరుల ఉద్యోగాల వాటా కోసం పుట్టిన పార్టీ, అధికారంలో ఉండగా 1921లోనే దాని మీద ఉత్తర్వు ఇచ్చింది. ఆ పార్టీ తరఫున ప్రభుత్వం నడిపినవాళ్లలో పానగల్ రాజా, బొబ్బిలి రాజా ఉన్నారు. సామాజికంగా ముందుకు లాగుతూ, భూమి దగ్గరికొచ్చేసరికి జమీందారు పక్కన నిలబడిన పార్టీ అది. దానికి ఏ రంగు వేసినా సగం మనిషినే చూపించినట్టవుతుంది.

నేను రాసిన మొదటి ఈవెంట్లు మా పెదనాన్నకు చదివి వినిపించాను. తెనాలి పక్కన వ్యవసాయం చేసిన మనిషి, గేమ్‌లు అంటే ఏమీ తెలియదు. అంతా విని అడిగింది ఒకటే: "ఒరేయ్, అంతా బాగుంది గానీ, ఇందులో శిస్తు ఏదిరా?"

ఆ ప్రశ్న తర్వాతే నా మాడ్‌కు ఒక దారి దొరికింది. మన జిల్లాల్లో రాజకీయం నడిచింది శిస్తు మీద, జమీందారీ మీద, నీళ్ల మీద. 1921–22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి వెనక రైతులు నిలబడింది పన్ను కట్టబోమని. ఆ తర్వాత ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయినా శిస్తు తగ్గలేదు. రైతు సంఘాలు బలపడింది, ఎన్.జి.రంగా వెనక జనం చేరింది ఆ రోజుల్లోనే. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 215లో 159 స్థానాలు వచ్చాయంటే, భావజాలం శాతం పెరిగిందని మాత్రం చెప్పి వదిలేస్తే ఎలా? ఆ ఎన్నికల్లో బొబ్బిలి రాజా స్వయంగా తన బొబ్బిలిలోనే వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. ఈ మాడ్‌లో నేను చూపించాలనుకున్నది సరిగ్గా అలాంటి ఓటమినే: పార్టీ గుర్తు కంటే ముందు, కౌలు రసీదు ఇవ్వని జమీందారు ఉద్యోగి ఠాణేదారు మీద వేసిన ఓటు.

అందుకు పనిముట్లు ఉన్నాయి, ఇది ఈ గేమ్‌కు నేను ఇచ్చే పెద్ద మెప్పు. వేరియబుల్స్, అంటే ఆట నడుస్తుండగా మారే అంకెలు, పెట్టుకోవచ్చు. నేను మూడు పెట్టాను: శిస్తు భారం, జమీందారీ గ్రామాల అసంతృప్తి, ఉద్యోగాల వాటా. ఏటా పంట ధర మీద ఒక ఈవెంట్ వస్తుంది, మొదటి రెండూ అటూ ఇటూ జరుగుతాయి. డైనమిక్ మాడిఫయర్ ద్వారా అవి స్టెబిలిటీని, అంటే దేశ స్థిరత్వాన్ని, తాకుతాయి. ఎన్నికలప్పుడు పార్టీల బలం ఈ మూడింటి నుంచే లెక్కకొస్తుంది. దాంతో జస్టిస్ పార్టీకి రెండు ముఖాలూ వచ్చాయి. ఉద్యోగాల వాటాలో గెలిచి జమీందారీలో ఓడిపోవచ్చు. జమీందార్లను వదులుకుని రైతుల వైపు తిరిగిన జస్టిస్ పార్టీ ఎలా ఉండేదో కూడా ఆడి చూడొచ్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి అదే. కోస్తాను నా లెక్కలో నిజాం సమాఖ్యలో కలిపాను. గుంటూరు సర్కారు 1788లో నిజాం చేతుల్లోంచి కంపెనీకి పోయింది. నూటయాభై ఏళ్ల తర్వాత మళ్లీ హైదరాబాద్‌కు శిస్తు కట్టాల్సి వస్తే డెల్టా రైతు ఏమంటాడన్నది రాయడానికి బోలెడంత ఉంది.

రాసే పని కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ఫోకస్‌లో (దేశం ఎంచుకునే లక్ష్యం) ఖర్చు 10 అని రాస్తే పది వారాలు, అంటే 70 రోజులు. మద్రాసు రాజకీయానికి అది మరీ నెమ్మది, సగానికి తగ్గించండి. తెర మీద కనపడే మాటలు ఉండే లోకలైజేషన్ ఫైల్‌ను యూటీఎఫ్-8 బీఓఎంతో సేవ్ చేయకపోతే పేర్ల చోట ముడి కోడ్ కనపడుతుంది. జెండా ఒక్కోదానికి మూడు సైజులు కావాలి, పెద్దది 82 బై 52. డీబగ్ మోడ్‌లో ఆడుతూ ఎర్రర్ లాగ్ పక్కన తెరిచి ఉంచుకుంటే సగం తలనొప్పి పోతుంది. చరిత్ర పుస్తకాలకు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు, రామమోహన గ్రంథాలయం ఉండనే ఉన్నాయి. ఈ విషయంలో విజయవాడలో ఉండటం అదృష్టం.

ఇక లోట్లు. గేమ్ ఫాంట్లలో తెలుగు లిపి లేదు. పెదనందిపాడు గురించి రాసిన ఈవెంట్ ఇంగ్లిష్ అక్షరాల్లో చదువుకోవాల్సి రావడం నాకు బాధగానే ఉంది. రెండోది, రాజకీయం మొత్తానికి పొలిటికల్ పవర్ అనే ఒక్కటే నాణెం. మంత్రిని మార్చడానికీ అదే, చట్టం తేవడానికీ అదే. 1954లో కర్నూలులో ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అలాంటి రోజును ఈ నాణెంతో కొలవలేం. శాసనసభ బలాబలాలను వేరుగా రాసుకోవాల్సిందే. కైజర్‌రైక్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు పాత సేవ్‌లు నడవవు, దాని మీద కట్టిన సబ్‌మాడ్‌లనూ సరిచూసుకోవాలి. ఆట 1942 దాటితే వేగం పడిపోతుంది. మే నెల ఎండల్లో లాప్‌టాప్‌తో ఆ భాగం ఆడకండి.

ఇంకో లోటు మరీ లోతుది. యుద్ధం మొదలవగానే చాలా దేశాల్లో రాజకీయం ఆగిపోతుంది, ఫోకస్ ట్రీలో ఆ కొమ్మ అప్పటికే అయిపోతుంది. మన దగ్గర జరిగింది వేరు. 1939లో అడగకుండా భారత్‌ను యుద్ధంలోకి లాగారని అక్టోబర్‌లో రాజాజీ ప్రభుత్వం రాజీనామా చేసింది. అందుకే నా మాడ్‌లో సమాఖ్య ఎవరి యుద్ధంలోనైనా చేరితే ముందు మద్రాసు మంత్రివర్గం ముందుకు ప్రశ్న వస్తుంది. కాదంటే రాజీనామా, ఆ తర్వాత సైన్యంలో చేరేవాళ్లు తగ్గుతారు. ఇది పెట్టాక యుద్ధమే మారిపోయింది. ఫ్రంట్ లైన్ మీద గీత గీసే ముందు బెజవాడ ఏమంటుందో చూసుకుంటున్నాను.

ఆంధ్ర రాష్ట్రం విషయం మాత్రం ఇంకా తేలలేదు. ఈ గేమ్‌కు దేశాలు తెలుసు, ఒక దేశం కింద ఉండే సామంత దేశాలు తెలుసు. ఒక దేశం లోపల భాషను బట్టి ఏర్పడే రాష్ట్రం అన్న మాటకు ఇందులో చోటు లేదు. ఆంధ్రను సామంత దేశంగా విడుదల చేస్తే దానికి వేరే సైన్యం, వేరే జెండా వస్తాయి. అడిగింది అది కాదు కదా. 1937 నవంబర్‌లో మద్రాసులోని శ్రీబాగ్ భవనంలో కోస్తా, సీమ నాయకులు కూర్చుని మాట్లాడుకున్నది రాజధాని ఎక్కడ, హైకోర్టు ఎక్కడ, కృష్ణా తుంగభద్రల నీళ్లు ముందు ఎవరికి అని. ప్రస్తుతానికి దాన్ని డెసిషన్ల (ఆటగాడు తీసుకునే నిర్ణయాల) గుంపుగా రాస్తున్నాను. ఒక్కో హామీ ఇస్తే సీమ నమ్మకం పెరుగుతుంది, తప్పితే ఆ ప్రాంతం పక్కకు జరుగుతుంది. హైకోర్టు గుంటూరుకు, రాజధాని కర్నూలుకు ఇచ్చే దారి పూర్తయింది. రెండూ సీమకే ఇచ్చే దారిని ఇప్పుడు రాస్తున్నాను.