ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్‌తో రెండున్నరేళ్లు

నా పాత ల్యాప్‌టాప్ 2.4 కిలోలు. ఇటుకలాంటి దాని ఛార్జర్ మరో అరకిలో. ఆన్‌లైన్ మీటింగ్ మొదలైన ఐదు నిమిషాలకే ఫ్యాన్ అందుకునేది. "మీ దగ్గర వాన పడుతోందా?" అని ఒకాయన నిజంగానే అడిగాడు. అప్పటినుంచి మాట పూర్తికాగానే మ్యూట్ నొక్కడం అలవాటైపోయింది.

ఇప్పుడు వాడుతున్నది 1.24 కిలోలు, అసలు ఫ్యానే లేదు. కొన్నది బరువు తగ్గుతుందనే. తీరా చూస్తే ఆ సంతోషం వారం రోజులే. మొదట్లో దారి మధ్యలో ఆగి, ల్యాప్‌టాప్ ఉందో లేదోనని బ్యాగు తెరిచి చూసుకునేవాణ్ని. తర్వాత భుజం మరిచిపోయింది. చప్పుడు లేని సుఖం మాత్రం ఇప్పటికీ పాతబడలేదు. పక్కన మనిషి నిద్రపోతున్నా పని చేసుకోవచ్చు. కాకపోతే ఎంటర్ కీని నేనెంత గట్టిగా బాదుతానో ఇప్పుడే తెలిసింది. ఛార్జర్ కూడా అప్పుడప్పుడు సన్నగా కీచుమంటుంది. పాతదీ అలాగే అనేదేమో, ఆ హోరులో ఎవరికి వినపడుతుంది!

ఫ్యాన్ లేదు కదా అని వేడి లేకుండా పోదు. పాతదాంట్లో వేడిని ఫ్యాన్ బయటికి నెట్టేసేది. ఇందులో అది లోహపు బాడీ గుండానే మెల్లగా పోవాలి. అలా పోయేది చాలకపోతే ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. మెయిళ్లు, ఎక్సెల్, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు... వీటికి ఎన్నడూ తేడా తెలియలేదు. 40 నిమిషాల వీడియో ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి ఫైలుగా తయారుచేయడం) పెట్టినప్పుడు తెలిసింది. మొదటి ఏడెనిమిది నిమిషాలు చకచకా సాగి, ఆ తర్వాత నత్తనడక. కీబోర్డు పైనున్న పట్టీ మీద వేలు పెట్టి ఉంచలేకపోయాను. అప్పటినుంచి అలాంటి పని ఉంటే స్టాండు మీద పెడతాను. దుప్పటి మీద అసలే పెట్టను.

బ్యాటరీ ఆరోగ్యం, అంటే కొత్తలో పట్టిన ఛార్జ్‌లో ఇప్పుడు ఎంత పడుతుందన్నది, 87 శాతం చూపిస్తోంది. ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఏడాది తర్వాత గానీ నా కంటపడలేదు. రోజంతా ప్లగ్గులోనే ఉంచేవాళ్లు మొదటి రోజే పెట్టుకోండి. లిథియం బ్యాటరీని ఎప్పుడూ నిండా నింపి ఉంచితే త్వరగా అరుగుతుంది.

ఉన్నవి రెండు యూఎస్‌బీ-సీ పోర్టులు. ప్రొజెక్టర్ లాంటివాటి వేరే రకం కేబుళ్లు తగిలించాలంటే హబ్ అనే చిన్న డబ్బా కావాలి. అది మరిచిపోయి వెళ్లిన రోజు ప్రజెంటేషన్ కోసం ఇంకొకరి ల్యాప్‌టాప్ అడుక్కున్నాను. ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ) లోపలి బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకునే దారి లేదు. నేను 16 జీబీ తీసుకున్నాను, అంతకు తక్కువైతే వద్దనే చెబుతాను. స్క్రూడ్రైవర్ పట్టుకుని పాతదానికి ర్యామ్ నేనే వేసుకున్న సరదా ఇక లేనట్టే.

రోజూ వీడియోలతోనే పనైతే దీని జోలికి పోకండి. నాకు నెలకు ఒకటో రెండో ఉంటాయి. అందుకే పాతదాన్ని అమ్మలేదు. పెద్ద వీడియోలు దానికి అప్పజెప్పి, పక్క గదిలో పెట్టి తలుపు వేసేస్తాను.