పంతుళ్ళ పెన్షన్ డబ్బుతో కట్టిన గోల్ఫ్ కోర్సు: పదకొండేళ్ళు ఆడాక

మెంబర్‌షిప్ ఉందా అని అడగని గోల్ఫ్ కోర్సు ఒకటి ఉంటుందని నాకు ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా తెలీదు. హైదరాబాద్‌లో పనిచేసే రోజుల్లో మా ఆఫీసు పై అంతస్తు కిటికీలోంచి దూరంగా ఒక కోర్సు పచ్చగా కనిపించేది. టీ తాగుతూ చూసేవాళ్ళం. అక్కడికి వెళ్ళి ఆడొచ్చేమో అని మాలో ఒక్కడికీ తట్టలేదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ఒపలైకా అనే చిన్న ఊరికి ఉద్యోగం మీద వచ్చాక, మొదటి నెలలోనే ఫ్యాక్టరీలో తోటి ఇంజినీరు ఒకాయన శనివారం పొద్దున్నే రమ్మన్నాడు. ఊరి చివర పైన్ చెట్ల మధ్య రోడ్డు, దాని చివర పెద్ద చెరువు, చెరువు చుట్టూ గడ్డి. కౌంటర్ దగ్గర డబ్బు కట్టాం, కార్ట్ (కోర్సులో తిరిగే చిన్న బండి) తాళం ఇచ్చారు. అంతే. నువ్వెవరు, ఎవరి తాలూకు అని ఎవరూ అడగలేదు. ఆ కోర్సు పేరు గ్రాండ్ నేషనల్. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ గోల్ఫ్ ట్రెయిల్ అనే వరసలో అదొకటి. అప్పటినుంచి పదకొండేళ్ళుగా నెలకి రెండు మూడుసార్లు ఆడుతున్నాను. ఆ వరసలో ఇంకో అయిదు చోట్ల కూడా ఆడాను. ఈ సమీక్ష ఆ అనుభవంతో రాస్తున్నది.

ముందు ఈ ట్రెయిల్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది మామూలు గోల్ఫ్ వ్యాపారం కాదు. అలబామా ప్రభుత్వ టీచర్లు, ఉద్యోగుల పెన్షన్ నిధిని 1973 నుంచి నడిపించిన డేవిడ్ బ్రానర్‌కి 1980ల చివర్లో వచ్చిన ఆలోచన ఇది. ఫ్లోరిడా బీచ్‌లకి కార్లలో పోయేవాళ్ళంతా అలబామా మీదుగానే పోతారు, ఆగేవాళ్ళు మాత్రం తక్కువ. వాళ్ళని ఒక రాత్రయినా ఆపాలి. రాష్ట్రం బాగుంటే రాష్ట్రం పెన్షన్‌కి కట్టే వాటా కూడా నిలకడగా ఉంటుంది. ఇదీ ఆయన లెక్క. అప్పటికే ఎనభై దాటిన పేరున్న గోల్ఫ్ కోర్సుల డిజైనర్ రాబర్ట్ ట్రెంట్ జోన్స్‌ని డిజైన్‌కి ఒప్పించారు. 1992లో తలుపులు తెరిచారు. మొదటి విడతలో ఏడు చోట్ల 378 హోల్స్ (హోల్ అంటే మొదటి దెబ్బ నుంచి బంతి గుంతలో పడేదాకా ఆడే ఒక్కో భాగం). ఇప్పుడు ఉత్తరాన హంట్స్‌విల్ నుంచి దక్షిణాన మొబైల్ దాకా 11 చోట్ల 468 హోల్స్.

అంటే ఈ గడ్డి వెనకున్నది బడి పంతుళ్ళ డబ్బు. మా ఇంట్లో దీనికి ఇంకో అర్థం ఉంది. మా ఆవిడ ఇక్కడ ప్రభుత్వ స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆమె జీతంలోంచి ప్రతి నెలా ఆ నిధికి కోత పడుతుంది. 2013 తర్వాత చేరింది కాబట్టి పాతవాళ్ళకున్న పెన్షన్ నిబంధనలు ఆమెకి లేవు, కొత్తవాళ్ళవి కొంచెం బిగువు. అందుకే నేను ఆడి ఇంటికొస్తే ఆమె అడిగేది స్కోరు కాదు, "ఇవాళ జనం ఉన్నారా?" అని.

ఇక ఆట సంగతి. గ్రాండ్ నేషనల్‌లో మూడు కోర్సులు: లింక్స్, లేక్, షార్ట్. మొత్తం 54 హోల్స్. సాగాహాచీ చెరువు 600 ఎకరాలు, హోల్స్‌లో సగానికి పైగా ఆ నీళ్ళ అంచునే ఉంటాయి. జోన్స్ పద్ధతి తెలిసినవాళ్ళకి తెలుసు: పార్ (ఒక హోల్‌కి నిర్ణయించిన దెబ్బల లెక్క) కష్టంగా దొరకాలి, బోగీ (దానికన్నా ఒక దెబ్బ ఎక్కువ) తేలిగ్గా దొరకాలి అంటాడాయన. కొత్తగా వచ్చినవాడికి ఆ తేలికైన బోగీ కూడా దొరకదు. గ్రీన్‌లు (గుంత చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి) ఎత్తు మీద ఉంటాయి, ముందు లోతైన బంకర్లు, అంటే ఇసుక గుంటలు. బంతి కొంచెం పొట్టిగా పడితే దొర్లుకుంటూ వెనక్కి వచ్చేస్తుంది. టీలు (ప్రతి హోల్‌లో మొదటి బంతి కొట్టే చోట్లు) నాలుగు రంగులు, వెనకనుంచి ముందుకి పర్పుల్, ఆరెంజ్, వైట్, టీల్ (నీలం కలిసిన ఆకుపచ్చ). నా మాట వినండి, మొదటిసారి వచ్చినప్పుడు మీరు అనుకున్నదానికన్నా ఒక రంగు ముందుకి జరగండి. నేను మూడేళ్ళు ఆరెంజ్ మీద ఆడి బంతులు చెరువుకి సమర్పించాను. వైట్‌కి మారిన రోజున కోర్సు ఏం చెప్పాలనుకుంటోందో మొదటిసారి అర్థమయింది.

లేక్ కోర్సులో పదిహేనో హోల్ గురించే అందరూ మాట్లాడతారు. నీళ్ళ మీదుగా కొట్టాల్సిన పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సింది. టీ మీద నిలబడితే గాలి ఎటు వీస్తోందో చెట్ల తలలు చూసి చెప్పడం కష్టం. నీటి మీద ముడతలు చూడాలి. ఈ కిటుకు నాకు ఒక ముసలాయన చెప్పాడు. ఒహాయో నుంచి ప్రతి మార్చిలో వస్తాడట, పదిహేనో ఏడాది అన్నాడు. ముడతలు మన వైపు వస్తుంటే ఇంకొక క్లబ్ (బంతిని కొట్టే కర్ర) పెద్దది తియ్యి అన్నాడు. తీశాను, బంతి గ్రీన్ మీద ఆగింది. ఆ మాట ఇవాళ్టికీ పాటిస్తున్నాను.

అయితే నేను అసలు చెప్పాలనుకున్నది షార్ట్ కోర్సు గురించి. పద్దెనిమిదీ పార్ 3లే. టూరిస్టులు దాన్ని పిల్లల ఆట అనుకుని వదిలేస్తారు. ట్రెయిల్ మొత్తంలో నాకు ఇష్టమైనది ఇదే. కొన్ని హోల్స్ వెనక టీ నుంచి రెండు వందల గజాలు దాటుతాయి. చెరువు ఇక్కడా అడ్డమొస్తుంది, పెద్ద కోర్సులకి చేసిన అలంకారమంతా దీనికీ చేశారు. ఖర్చు మాత్రం చాలా తక్కువ. రెండు మూడు గంటల్లో ఆట అయిపోతుంది, బ్యాగ్ భుజాన వేసుకుని నడవొచ్చు. పెద్ద కోర్సుల్లో ఒక గ్రీన్ నుంచి తర్వాతి టీకి దూరం ఎక్కువ, కార్ట్ లేకుండా వేసవిలో నడవడం అయ్యే పని కాదు.

మా నాన్న తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్ని షార్ట్ కోర్సుకే తీసుకెళ్ళాను. లుంగీ మానేసి ప్యాంటు వేసుకోమంటే గునిశారు గానీ వచ్చారు. నేను ఆడుతుంటే పక్కన నడుస్తూ గ్రీన్ అంచున వంగి గడ్డిని వేళ్ళతో తడిమి చూశారు. నారుమడి చూసినట్టే.

"ఒరేయ్, ఇంత పొట్టిగా ఎలా కోస్తార్రా?"

"రోజూ పొద్దున్నే మిషన్‌తో కోస్తారు నాన్నా."

"ఎవరిదిది?"

"ఇక్కడి టీచర్ల పెన్షన్ ఫండుది. మీ కోడలి డబ్బు కూడా ఉంది ఇందులో."

ఆయన లేచి నిలబడి చెరువు వైపు కాసేపు చూశారు. "పంతుళ్ళ డబ్బు ఇంత కనిపించేచోట పెట్టినవాణ్ణి నేను చూళ్ళేదు" అన్నారు. తర్వాత అడిగిన ప్రశ్న: "మరి నష్టమొస్తే?" ఆ ప్రశ్న ఈ రాష్ట్రంలో చాలామంది చాలా ఏళ్ళుగా అడుగుతున్నదే. సొంత రాష్ట్రంలో పెట్టిన పెట్టుబడులకి రాబడి తక్కువ అని విమర్శించేవాళ్ళు ఉన్నారు. రాబడిని గ్రీన్ ఫీజులో (ఆడటానికి కట్టే డబ్బులో) కాదు, రాష్ట్రానికి వచ్చిన జనంలో, కంపెనీల్లో చూడాలని బ్రానర్ వైపు వాదన. మా ఆవిడ మొదటి పక్షం, నేను రెండో పక్షం. అయితే పెన్షన్ ఆమెది కాబట్టి ఆమె అనుమానానికే ఎక్కువ బరువుండాలని ఒప్పుకుంటాను.

నేను కళ్ళారా చూసింది మాత్రం చెబుతాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో హైవే పక్కన హోటళ్ళ పార్కింగ్‌లో ఒహాయో, మిషిగన్, ఒంటారియో నెంబర్ ప్లేట్లు కనిపిస్తాయి. పైన్ చెట్ల పుప్పొడి పసుపు చల్లినట్టు ఆ కార్ల మీద పేరుకుని ఉంటుంది. మోటెల్ నడిపే గుజరాతీ మిత్రుడొకాయన ఆ రోజుల్లో ఫోన్ కూడా ఎత్తడు. ఆయన మాటల్లో చెప్పాలంటే ఏడాదిలో రెండు పంటలు: వసంతంలో గోల్ఫ్, శరత్తులో ఆబర్న్ యూనివర్సిటీ ఫుట్‌బాల్. ఫుట్‌బాల్ పంట ఆరేడు శనివారాలే. గోల్ఫ్‌వాళ్ళు వారం మధ్యలో, సోమ మంగళవారాల్లో కూడా వస్తారు, నలుగురేసి వచ్చి మూడు రాత్రులుంటారు. మోటెల్ నిలబడేది ఆ వారం మధ్య గదులతోనే అంటాడు.

టోర్నమెంట్లు అలా కాదు. 2015 నుంచి 2017 దాకా అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు నడిపే పీజీఏ టూర్ వాళ్ళ బార్బసాల్ ఛాంపియన్‌షిప్ లేక్ కోర్సులో జరిగింది. మొదటి ఏడాది స్కాట్ పియర్సీ గెలిచాడు. గోల్ఫ్‌లో అతిపెద్ద పోటీల్లో ఒకటైన బ్రిటిష్ ఓపెన్ జరిగే వారంలోనే జూలై ఎండలో పెట్టేవారు కాబట్టి పెద్ద పేర్లు తక్కువ. అయినా ఊరంతా పండగలా ఉండేది. 2018లో అది కెంటకీకి వెళ్ళిపోయింది. ఆ వేసవి ఊరు చిన్నబోయినట్టనిపించింది. మార్చి కార్లు మాత్రం తగ్గలేదు. అందుకే నాకు టీవీలో నాలుగు రోజుల కన్నా ఏటా వచ్చే ఆ ముసలాయనే ఈ ఊరికి పెద్ద ఆస్తి అనిపిస్తుంది.

మిగతా చోట్లు క్లుప్తంగా. ప్రాట్‌విల్‌లోని క్యాపిటల్ హిల్‌లో జడ్జ్ కోర్సు మొదటి టీ మీద ఒక్కసారైనా నిలబడాలి. రెండొందల అడుగుల కింద ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కోసిన గడ్డి దారి), దాని పక్కన అలబామా నది. బర్మింగ్‌హామ్ దగ్గర ఆక్స్‌మూర్ వ్యాలీ ఒకప్పటి గనుల భూమి. గుట్టలు ఎక్కి దిగుతుంటే రాతి పొరలు బయటికి కనిపిస్తాయి. ఉక్కు కంపెనీ వదిలేసిన నేల ఇలా వాడుకలోకి రావడం నాకు చాలా నచ్చింది. అక్కడికి దగ్గర్లోనే ఉన్న రాస్ బ్రిడ్జ్ 2005లో తెరిచారు, వెనక టీ నుంచి ఎనిమిది వేల గజాలు దాటుతుంది, సాయంత్రం బ్యాగ్‌పైప్ వాయిస్తారు. రిసార్ట్ బాగుంటుంది, ఆటగా మాత్రం నన్ను మళ్ళీ రమ్మని పిలవలేదు. గ్రీన్‌విల్‌లోని కేంబ్రియన్ రిడ్జ్ మాత్రం పిలుస్తూనే ఉంటుంది. చిన్న ఊరు, జనం తక్కువ, నేల ఎత్తుపల్లాలు ఎక్కువ.

ఎప్పుడు రావాలో తెలుసుకుని రండి. డాలస్ నుంచి మా స్నేహితులు నలుగురు జూలైలో వచ్చారు. ప్యాకేజీ అమ్మిన సంస్థ వాళ్ళకి రెండు విషయాలు చెప్పలేదు. బెర్ముడా గడ్డికి ఊపిరాడటానికి గ్రీన్‌లలో రంధ్రాలు పొడిచి ఇసుక వేసేది ఎండాకాలంలోనే. మధ్యాహ్నం మెరుపుల సైరన్ మోగితే ఆట ఆపి లోపలికి రావాల్సిందీ అప్పుడే. గ్రీన్ మీద పుట్ చేసిన (గుంత వైపు మెల్లగా దొర్లించిన) బంతి ఎగురుకుంటూ పోతుంటే వాళ్ళ మొహాలు చూడలేకపోయాను. ప్యాకేజీ కొనే ముందు ఆ వారం గ్రీన్‌ల పరిస్థితేమిటని కోర్సుకే ఫోన్ చేసి అడగండి, దాచకుండా చెబుతారు. జనవరిలో గడ్డి గోధుమరంగుకి తిరుగుతుంది, అప్పుడు బంతి బాగా దొర్లుతుంది, ఫీజు కూడా తక్కువే. నాకు అన్నిటికన్నా అక్టోబర్ ఆఖరి వారాలు ఇష్టం, ఫుట్‌బాల్ మ్యాచ్ లేని శనివారం చూసుకుని.

గోల్ఫ్ ఎప్పుడూ ముట్టుకోనివాళ్ళు, పిల్లలున్నవాళ్ళు పెద్ద కోర్సుల జోలికి పోకుండా నేరుగా షార్ట్ కోర్సుకి వెళ్ళండి. ఒక వెడ్జ్, ఒక ఎనిమిది ఐరన్, ఒక పుటర్, ఈ మూడు కర్రలు చాలు. టీల్ రంగు దగ్గర మొదలుపెట్టండి. మా పాప తొమ్మిదేళ్ళప్పుడు అక్కడే మొదలుపెట్టింది, ఇప్పుడు వైట్ దగ్గరుంది. సాయంత్రం అయిదు తర్వాత టీ దగ్గర పెద్దగా ఎవరూ ఉండరు. చెరువు అవతల పైన్ చెట్ల మీద వెలుగు ఇంకా గంటసేపు ఉంటుంది.